అట్లాంటా మూడో సీజన్ మొదలెట్టా... మన నలుగురూ ఏరీ?

పుల్లట్టు
తప్పు ఫైలు పెట్టానేమోనని రెండుసార్లు మొదటికి తిప్పి చూశాను. డోనల్డ్ గ్లోవర్ తీసిన అట్లాంటా మొదటి రెండు సీజన్లూ నిద్ర మానుకుని చూసినవాణ్ణి. చేతిలో చిల్లిగవ్వ లేని ఎర్న్, వాడి కజిన్ ర్యాపర్ ఆల్ఫ్రెడ్ (అదే, పేపర్ బాయ్), ఈ లోకంలో ఉండని డేరియస్, పాపం ఎర్న్ పిల్ల తల్లి వ్యాన్. ఈ నలుగురూ మా ఇంట్లో మనుషులైపోయారు. తీరా 2018లో ఆపేసి 2022లో మూడో సీజన్ వదిలితే మొదటి ఎపిసోడ్‌లో ఒక్కడు లేడు! చివర్న ఎర్న్ మంచం మీంచి లేస్తాడు, అంతే. ముందేమో చీకట్లో పడవలో ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్ళు చేపలు పడుతుంటారు. తర్వాత ఒక స్కూలు పిల్లాడు, వాణ్ణి పెంచుకోడానికి తీసుకెళ్ళే ఇద్దరు తెల్ల ఆడవాళ్ళు. నవ్వన్నది ఎక్కడా లేదు.

రివ్యూలు తిరగేస్తే "అద్భుతం, సాహసం" అని రాశారు చాలామంది. నా డౌటు సూటిగా అడుగుతున్నా. ఈ క్రిటిక్స్‌కి నిజంగా నచ్చిందా, లేక జాతి గురించిన సీరీస్ కదా, బాలేదంటే ఎవరేమనుకుంటారోనని పొగిడారా? నవ్వురాని దాన్ని కామెడీ అని ఎందుకనాలి?

నిప్పుకోడి
పెళ్ళికి పిలిచి, పెళ్ళికొడుకు రాలేదు భోంచేసి వెళ్ళండి అన్నట్టుంది నీ బాధ.

సికిందరాబాద్_సీను
నవ్వు రాలే అంటవేంది అన్నా. మొదటి సీజన్ల బి.ఎ.ఎన్. ఎపిసోడ్ చూసినవా? ఎపిసోడ్ మొత్తం ఒక టీవీ ఛానల్ లెక్క ఉంటది, నడుమ నడుమ ఉత్తుత్తి యాడ్లు. ఒక యాడ్ల టీ డబ్బా మీద 99 సెంట్లని అచ్చేసి ఉంటది, కొట్టోడు ఎక్కువ చెప్తడు. "రేటు డబ్బా మీదనే ఉంది గదా" అంటడు కొనేటోడు. నేనైతే కుర్చీల నుంచి పడ్డ. మా దిక్కు బస్టాండ్ల నీళ్ళ బాటిల్ మీద ఎమ్మార్పీ 20 ఉంటది, కూలింగ్ చార్జి అని 5 గుంజుతడు. ఎన్నిసార్ల కొట్లాడిన్నో. ఆ యాడ్ ఎవ్వలికి అర్థం గాకున్నా మనకి అర్థమైతది.

పుల్లట్టు
అది చూశా బ్రదర్, నవ్వా కూడా. నేనడిగేది మూడో సీజన్ సంగతి.

పాతరేడియో
పుల్లట్టు గారి ప్రశ్నకి సగం జవాబు మొదటి నుంచి చూస్తేనే దొరుకుతుంది. ఓపికుంటే చదవండి.

2016 సెప్టెంబరులో ఎఫ్ఎక్స్ ఛానల్లో ఇది మొదలైనప్పుడు గ్లోవర్‌ని కమెడియన్‌గానూ, చైల్డిష్ గాంబీనో పేరుతో పాడేవాడిగానూ ఎక్కువగా జనం ఎరుగుదురు. ర్యాపర్లతో ట్విన్ పీక్స్ (ఒక పాత వింత మిస్టరీ సీరీస్) లాంటిది తీయాలని ఉండేదని ఆయనే అన్నాడు. అంటే తిక్క మొదటి రోజు నుంచే ఉంది, మీరిప్పుడు చూస్తున్నారంతే. రాసినవాళ్ళంతా నల్లజాతివాళ్ళే, వాళ్ళలో చాలామందికి టీవీకి రాసిన అనుభవం లేదు. దర్శకుల్లో ముఖ్యుడు హిరో మురాయ్.

2017 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ రెండు వచ్చాయి, కామెడీ సీరీస్‌కి ఒకటి, ఎర్న్‌గా నటించిన గ్లోవర్‌కి ఒకటి. ఆ వేదిక మీద ఆయన మీగోస్ అనే ర్యాప్ బృందానికి, వాళ్ళ పాట చేసినందుకు థాంక్స్ చెప్పాడు. హాల్లో సగం మందికి ఎవరా మీగోస్ అన్నది తెలీదు. ఆ నెలలోనే ఆ పాట అమెరికా చార్టుల్లో ఒకటో నంబరు. అదే ఏడు ఎమ్మీ టీవీ అవార్డుల్లో నటనకీ, దర్శకత్వానికీ రెండూ ఆయనవే. కామెడీ దర్శకత్వానికి ఎమ్మీ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆయనే, అదీ సీను గారు చెప్పిన బి.ఎ.ఎన్. ఎపిసోడ్‌కే. అవార్డు తీసుకుంటూ ట్రంప్‌కి కూడా థాంక్స్ చెప్పాడు, అణగారినవాళ్ళ లిస్టులో నల్లవాళ్ళని ఒకటో నంబరుకి తెచ్చినందుకట!

కాబట్టి భయపడి పొగిడారు అంటే నేనొప్పుకోను. మొదటి సీజన్ పొగడ్త నిఖార్సయినది. ఆ బి.ఎ.ఎన్. ఎపిసోడే ట్రాన్స్ వాళ్ళని వెక్కిరించిందని అప్పట్లోనే విమర్శించినవాళ్ళున్నారు. ఎవరూ నోరు మూసుకు కూర్చోలేదు.

మిరపబజ్జీ_మూర్తి
మాస్టారూ, మొదటి సీజన్ నిఖార్సు సరే. ఒకసారి నెత్తిన పెట్టుకున్నాక దించడానికి మొహమాటం ఉంటుందా ఉండదా? మన దగ్గర పెద్ద హీరో మూడో ఫ్లాప్‌కి కూడా "సెకండాఫ్ కాస్త తగ్గించుంటే" అని రాసే రివ్యూల్లాంటివే అవి.

నిప్పుకోడి
2.75 ఇస్తే చాలు అన్నీ అర్థమైపోతాయి.

కమ్మింగ్_కాపురం
పుల్లట్టు గారూ, మీరు "పడవలో ముక్కూమొహం తెలియనివాళ్ళు" అని తీసిపారేసిన ఆ సీను చూసి నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను.

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో, ఫోర్సైత్ కౌంటీ. ఇక్కడ తెలుగువాళ్ళు ఎంతమందంటే మా వీధిలో సంక్రాంతికి ఆరు ముగ్గులు పడతాయి. మాకు దగ్గర్లో లేక్ లేనియర్ ఉంది. కార్తీక వనభోజనాలు అక్కడే. పులిహోర, గోంగూర, పిల్లల ఖోఖో, అంత్యాక్షరి అన్నీ ఆ గట్టు మీదే.

ఆ సీనులో పడవలో ఒక నల్లాయన, ఒక తెల్లాయన. ఈ నీళ్ళ కింద ఒక ఊరుంది, నల్లవాళ్ళ ఊరు, దాన్ని ముంచేశారు అని తెల్లాయన చెప్తుంటాడు. చెరువు పేరు చెప్పడు. చెప్పక్కర్లేదు, ఇక్కడివాళ్ళకి అది లేనియరే. కింద నుంచి చేతులొచ్చి నల్లాయన్ని లాగేసుకుంటాయి. నేను మా ఆయన్ని లేపి అడిగాను, మనం కూర్చునే గట్టు కింద ఊరుందా అని. "పొద్దున నాకు ఆఫీసు స్టాండప్ కాల్ ఉంది" అని అటు తిరిగి పడుకున్నారు.

తర్వాత నేనే వెతికి చదివాను. 1912లో ఈ కౌంటీలో ఒక తెల్ల అమ్మాయి హత్య తర్వాత వెయ్యిమందికి పైగా నల్లవాళ్ళని బెదిరించి, చర్చిలు తగలబెట్టి, మొత్తం కౌంటీ నుంచే తరిమేశారట. పొలాలూ ఇళ్ళూ వదిలేసి పోయారు. 1987 దాకా కూడా ఇక్కడ నల్లవాళ్ళు దాదాపు లేరు. ఆ ఏడు జనవరిలో నిరసనగా ఇరవై వేలమంది ఊరేగింపు చేశారు, ఫిబ్రవరిలో టీవీ యాంకర్ ఓప్రా విన్‌ఫ్రీ వచ్చి షో చేసింది. పద్నాలుగేళ్ళుగా ఇక్కడుంటున్నా. ఇల్లు కొన్నప్పుడు స్కూళ్ళ రేటింగు చెప్పారు, హెచ్ఓఏ (కాలనీ సంఘం ఫీజు) ఎంతో చెప్పారు, ఇది చెప్పినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు.

పుల్లట్టు
అక్కా, ఇది తెలీదు నాకు. ఆ సీను ఫాస్ట్ ఫార్వర్డ్ చేశాను సగం.

పాతరేడియో
కమ్మింగ్ గారు చెప్పినదానికి చిన్న సవరణ. ఆ ఊరి పేరు ఆస్కార్‌విల్ అంటారు. బ్యుఫర్డ్ డ్యామ్ కట్టి చెరువు నింపింది 1950లలో. అప్పటికి నలభై ఏళ్ళ ముందే నల్లవాళ్ళని తరిమేశారు. కాబట్టి మనుషులతో సహా ఊరిని ముంచేశారన్నది జనం చెప్పుకునే దెయ్యం కథే. ఆ కథనే సీరీస్‌లో వాడుకున్నారు. నిజం అంతకంటే చప్పగా ఉంటుంది, అంతకంటే ఘోరంగానూ ఉంటుంది. తరిమాక ఖాళీ అయిన నేల మీదికి నీళ్ళొచ్చాయి.

కర్నూలు_కుర్రోడు
మా తాతోళ్ళ ఊరు శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపాయ. ఎండాకాలం నీళ్ళు దిగితే సంగమేశ్వరం గుడి బయటికొస్తాది, జనం పోయి పూజలు చేస్తారు. మా అవ్వ బతికున్నన్నాళ్ళు అక్కడికి పోయి "ఈడ మన వంటిల్లు, ఈడ పశువుల గాటిపాట" అని నీళ్ళలోకి చెయ్యి చూపిచ్చేది. ఆ పడవ సీను నేను నవ్వుకుంటానే చూడలేకపోయినా, పక్కకి పోలేకపోయినా.

మిరపబజ్జీ_మూర్తి
కుర్రోడా, మీ అవ్వ బాధ బాధే. కానీ రెండూ ఒకటి చేయకు. మీవాళ్ళకి నోటీసొచ్చింది, ఎంతోకొంత పరిహారం వచ్చింది, కరెంటు కోసమో నీళ్ళ కోసమో అన్నారు. అక్కడ ఒంటిరంగు చూసి రాత్రికి రాత్రి పొమ్మన్నారు.

కర్నూలు_కుర్రోడు
పరిహారం వచ్చిందని నీకెవురు చెప్పినారు అన్నా? సరేలే, ఒకటే అని నేనన్లేదు. చెయ్యి చూపిచ్చే తీరు మాత్రం ఒకటే.

సికిందరాబాద్_సీను
ఆ పడవల తెల్లాయన ఇంకో మాట అంటడు, గది ఎవ్వలు పట్టించుకోలే. రక్తం, పైసలు సరిపడ ఉంటే ఎవడన్న తెల్లోడు కావచ్చు అని. మనోళ్ళు అమెరికా పోయి చేసేది గదే గదా? నా కొలీగ్ డల్లాస్ నుంచి ఫోన్ చేసి "మంచి ఏరియా అన్నా, కల్లూలు లేరు" అంటడు. మంచి ఏరియా అంటే గదన్నట్టు.

కమ్మింగ్_కాపురం
ఆ మాట మా పార్టీల్లోనూ వింటాను. నల్లవాళ్ళెదురుగా అనడానికి మనవాళ్ళు కనిపెట్టుకున్న కోడు మాట. మా అబ్బాయి స్కూలు బాస్కెట్‌బాల్ టీములో స్నేహితుణ్ణి ఇంటికి తీసుకొస్తానంటే మా అత్తగారు మొదట అడిగింది "ఏ రంగు పిల్లాడు?" అని. ఆ పిల్లాడొచ్చి నాలుగు దోసెలు తిని, ఇంకా కారప్పొడి ఉందా అనడిగాడు. అప్పట్నుంచి ఆవిడ వాడి కోసం విడిగా సీసా కడుతున్నారు.

పాతరేడియో
1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన, నేను ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాణ్ణే, పౌరసత్వం ఇవ్వండని అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయాడు. సీను గారి కొలీగ్‌కి చెప్పండి.

నిప్పుకోడి
మాస్టారు ఏ దారాన్నయినా లాగి మ్యూజియంలోకి తీసుకుపోతారు. వెనక్కి రండి. టెడ్డీ పెర్కిన్స్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? నా హ్యాండిల్ చూసైనా గుర్తు రావాలి కదా.

మల్లెతీగ
నేను మాట్లాడతా. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి ఊరుకునేదాన్ని.

చూడనివాళ్ళకి: రెండో సీజన్లో ఆరో ఎపిసోడ్, 2018 ఏప్రిల్లో వచ్చింది. మధ్యలో యాడ్లు లేకుండా వేశారు. రంగు రంగుల మెట్లున్న పియానో ఊరికే ఇస్తారంటే డేరియస్ ఒక పెద్ద బంగళాకి వెళ్తాడు. అక్కడ టెడ్డీ అని ఒకాయన. మొహం తెల్లగా మైనం పూసినట్టు, కదలని చెంపలు, ఆడపిల్లలా సన్నటి గొంతు. నిప్పుకోడి గుడ్డు పగలగొట్టుకుని తింటుంటాడు, ఆ చప్పుడే కడుపులో తిప్పుతుంది. ఆ వేషం గ్లోవర్‌దే. టైటిల్స్‌లో కూడా "టెడ్డీ పెర్కిన్స్: తనే" అని వేశారు. సెట్లో కూడా ఆ వేషంలోనే ఉండేవాడట.

మైకేల్ జాక్సన్ని వెక్కిరించారని కొందరు, దెయ్యం సినిమాలా ఉందని కొందరు రాశారు. నాకు గుచ్చుకున్నది వేరే. ఆ బంగళాలో ఒక గదిలో వాళ్ళ నాన్న బొమ్మ ఉంటుంది, మొహం లేని బట్టల షాపు బొమ్మ. గొప్ప తండ్రుల కోసమని కట్టుకున్న గది. మైకేల్ తండ్రి జో జాక్సన్, గాయకుడు మార్విన్ గే తండ్రి, టైగర్ వుడ్స్ తండ్రి, సెరెనా తండ్రి అని వరసగా చెప్తాడు టెడ్డీ. బాధపెట్టి పైకి తెచ్చినవాళ్ళని.

మా అక్క కొడుకు ఒక టీవీ డాన్సు పోటీకి వెళ్ళాడు, ఏడేళ్ళప్పుడు. పేరు వద్దు. రాత్రి రెండింటి దాకా షూటింగు, పిల్లాడు స్టేజీ పక్కన కుర్చీలో నిద్రపోతే బావ మొహం మీద నీళ్ళు చల్లి లేపేవాడు. సెమీస్‌లో పడిపోయాడు, మోకాలు వాచింది. ఏడుస్తుంటే కెమెరా దగ్గరికి తెచ్చారు, ఆ ఏడుపునే ప్రోమోలో నాలుగు రోజులు వేశారు. మా ఊళ్ళో అందరూ బావని మెచ్చుకున్నారు, కొడుకు కోసం ఉద్యోగం మానేశాడని. వాడికిప్పుడు పంతొమ్మిది. పెళ్ళిలో బరాత్ మొదలైతే బాత్రూములోకెళ్ళి తలుపేసుకుంటాడు.

సికిందరాబాద్_సీను
అక్కా, ఏం చెప్పాల్నో తెల్వదు.

పుల్లట్టు
నేను ఆ ఎపిసోడ్ దెయ్యం కథ అనుకుని చూశాను. నవ్వాను కూడా, డేరియస్ ఫోన్లో చెప్తుంటే అవతల ఆల్ఫ్రెడ్‌వాళ్ళు శామీ సోసా (చర్మం తెల్లబడిన బేస్‌బాల్ ఆటగాడు) అని జోకులేసే చోట. మీరు చెప్పాక మళ్ళీ చూడాలనీ ఉంది, భయంగానూ ఉంది.

మిరపబజ్జీ_మూర్తి
ఇదిగో, ఇప్పుడు నా పాయింటుకే వచ్చారు. టెడ్డీ పెర్కిన్స్‌లో డేరియస్ ఉన్నాడు, మనం డేరియస్ పక్కన నిలబడి చూశాం. మూడో సీజన్లో మనం నిలబడడానికి మనిషే లేడు. పది ఎపిసోడ్లలో నాలుగు విడి కథలు. తాత ముత్తాతలు బానిసల్ని పెట్టుకున్నందుకు ఒక తెల్లాయన మీద కేసు పడే కథ, చనిపోయిన ట్రినిడాడ్ ఆయా అంత్యక్రియలకి తెల్ల కుటుంబం వెళ్ళే కథ. ఇవన్నీ తెల్లవాళ్ళని కూర్చోబెట్టి క్లాసు చెప్పినట్టున్నాయని నల్లజాతి విమర్శకులే అన్నారు. మొదటి రెండు సీజన్లు తమలో తాము మాట్లాడుకున్నట్టు ఉండేవి, మనం కిటికీలోంచి విన్నాం. మూడోది కిటికీ తీసి మన వైపు చూసి చెప్పింది. అక్కడ పోయింది మజా.

పాతరేడియో
మూర్తి గారూ, ఇన్నేళ్ళలో మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నా. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మిరపబజ్జీ_మూర్తి
ఫ్రేము కట్టిస్తున్నా.

కమ్మింగ్_కాపురం
నేను ఒప్పుకోను. కేసు కథలో చివర హోటల్లో కనిపించే తెల్లాయన ఎవరో గమనించారా? మొదటి ఎపిసోడ్ పడవలో వాడే. విడి కథలని మీరంటున్నవి విడివి కావు. మీకు నిలబడడానికి మనిషి లేడు, నిజమే. నాకు ఆ గట్టు ఉంది.

నాకున్న కోపం వేరే. వ్యాన్. మొదటి సీజన్లో ఒక ఎపిసోడ్ మొత్తం ఆవిడదే, ఎంత బాగుంటుంది! తర్వాత తర్వాత ఆవిడ ఎర్న్ పిల్ల తల్లి, అంతే. మూడో సీజన్ చివర ఉన్నట్టుండి ప్యారిస్‌లో వేరే మనిషిలా తేలుతుంది, ఎందుకో తెలిసేసరికి సీజన్ అయిపోతుంది. నల్ల ఆడవాళ్ళని రాయడం గ్లోవర్‌కి రాదన్న విమర్శ ఎప్పట్నుంచో ఉంది. 2022లో ఆయన ఒక పత్రికకి తనని తానే ఇంటర్వ్యూ చేసుకున్నాడు, అందులో నల్ల ఆడవాళ్ళంటే భయమా అని తనే అడుక్కున్నాడు. ప్రశ్న తనే, జవాబు తనే. ఎదురుగా ఒక ఆవిడని కూర్చోబెట్టుకుని ఉంటే పోయేది కదా.

మల్లెతీగ
+1. ఆ ఇంటర్వ్యూ చదివి ఫోను పక్కన పడేశా.

డబ్బింగ్_దాసు
ఇంకో గొడవ మర్చిపోతున్నారు. సగం జోకులు యాసలో ఉన్నాయి. నేను రోజూ సబ్‌టైటిల్స్ రాసి బతికేవాణ్ణి. అట్లాంటా జనం మాటని పుస్తకాల తెలుగులో రాస్తే పేపర్ బాయ్ కాస్తా ఆకాశవాణి వార్తలు చదివినట్టుంటాడు. తెలంగాణలో రాస్తే "మావాళ్ళనే రౌడీలకి పెడతారా" అని తిడతారు, న్యాయమే. మనవాళ్ళకి నవ్వు రాకపోవడంలో క్రిటిక్ తప్పెంత, అనువాదం తప్పెంత?

సికిందరాబాద్_సీను
మా భాషల పెట్టు అన్నా, కానీ ఎర్న్‌కు గూడ అదే పెట్టు. రౌడీకొకటి, ప్రిన్స్‌టన్ చదివినోనికొకటి పెడితేనే తిడతం.

డబ్బింగ్_దాసు
ఇది నోట్ చేసుకుంటున్నా, నిజంగా.

నిప్పుకోడి
అక్కా, అట్లాంటాలో ఆ చికెన్ రెక్కలు తిన్నారా? డబ్బా తెరిస్తే డేరియస్ మొహం మీద బంగారు వెలుగు పడుతుందే, లెమన్ పెప్పర్ వెట్.

కమ్మింగ్_కాపురం
తిన్నాం. వెలుగు రాలేదు. నిమ్మకాయ పిండి మిరియాలు జల్లిన వేపుడు, పైన వెన్న. మావారు మీద కారం చల్లుకున్నారు.

పుల్లట్టు
అయిదో ఎపిసోడ్ దాకా వచ్చాను. మొదటిది మళ్ళీ పెట్టా, ఫార్వర్డ్ చేయకుండా. పిల్లాడు చివరికి రాత్రివేళ సొంతింటికి వచ్చి, వాళ్ళమ్మ మాట్లాడకుండా చూస్తుంటే గిన్నెలు కడుగుతాడు చూడండి, అక్కడ ఆపి కాసేపు కూర్చున్నా. ఆ కథ వెనక 2018లో కాలిఫోర్నియాలో జరిగిన హార్ట్ కుటుంబం సంగతి కూడా చదివాను. దత్తత తీసుకున్న ఆరుగురు పిల్లల్ని కార్లో ఎక్కించుకుని కొండ మీంచి సముద్రంలోకి... సీరీస్‌లో పిల్లల్ని బతికించారు. ఇప్పటికీ నవ్వు రాలేదు, కామెడీ అని ఒప్పుకోవడం లేదు. తప్పు ఫైలు అన్నమాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా.

అక్కా, ఈ ఏడు వనభోజనాలు ఎక్కడ మరి?

కమ్మింగ్_కాపురం
అక్కడే. షెల్టర్ బుక్ చేసేశారు, క్యాన్సిల్ చేస్తే డబ్బులు తిరిగి ఇవ్వరట. వాట్సాప్ గ్రూపులో 1912 సంగతి పెట్టాను. మూడు నమస్కారాలు, ఒక "గుడ్ ఇన్ఫో అండీ", ఆ కింద గోంగూర ఎవరు తెస్తున్నారని.

నిప్పుకోడి
ఉసిరిచెట్టు దొరుకుతుందా అక్కడ?

కమ్మింగ్_కాపురం
కుండీలో మోసుకెళ్తాం. ముందు సీట్లో, బెల్టు పెట్టి.